అది ఎవరి దోనె?



ఒక మంచి సంగతిని నమ్మించుటకు, మనకు నిశ్చయముగా తెలియని దానిని తెలిసినట్లు చెప్పవచ్చునా? చెప్పినందున ఎవరి సొమ్మును పోదు. వినువారి విశ్వాసము బలపడును, సంఘము సంతోషించును. అట్లయినయెడల చెప్పుటలో తప్పేమి? ఈ ప్రశ్నను నేను వేదాంత కళాశాలలో చదువుకొనలేదని చెప్పను. చదువుకొంటిని, పరీక్షలో జవాబు కూడ వ్రాసితిని. అయితే అది నన్ను నిజముగా పట్టుకొనినది కొల్లేటి లంకలో, ఒక చిన్న మందిరపు అరుగుమీద, ఎనుబది యేండ్లు దాటిన ఒక ముసలివాని నోటివెంట. దానికి కారణము ఒక చేపల పడవ.

మొదట ఆ పడవ చరిత్ర వినుడి. అది మన కొల్లేటిది కాదు, గలిలయ సముద్రములో దొరికినది. సముద్రమని మనము చదువుచున్నాము గాని అది మంచినీళ్ల సరస్సు. పొడవు సుమారు 21 కిలోమీటర్లు, వెడల్పు ఎక్కువైన చోట 13 కిలోమీటర్లు. వరదనాటి కొల్లేటిముందు అది చిన్నదే. లోతులో మాత్రము మన కొల్లేరు దాని కాలిగోటికి చాలదు. మనది నడుములోతు, మహా అయితే నిలువులోతు. దానికి నలువది మీటర్లకు పైబడిన లోతున్నది. 1985, 1986 సంవత్సరములలో ఆ దేశమున వానలు కురియక సరస్సు నీళ్లు బాగుగా వెనుకకు తీసినవి. మునుపెన్నడును కనబడని బురదనేల ఒడ్డున బయటపడినది. 1986 జనవరి నెలలో గిన్నోసారు గ్రామస్థులైన మోషె లుఫాన్, యువాల్ లుఫాన్ అను ఇద్దరు సహోదరులు ఆ బురదలో నడచుచు, మట్టిలో మునిగియున్న ఒక పడవ అంచును కనుగొనిరి. వారును జాలరులే. గిన్నోసారనగా మనము సువార్తలలో చదువు గెన్నేసరెతు ప్రాంతమే. మగ్దలా అక్కడికి దగ్గర.

రెండు వేల యేండ్లు నీటిలోనున్న కొయ్య ఎట్లు నిలిచెనని మీరడుగవచ్చును. దానిని కాపాడినది బురదయే. బురద కప్పివేసినందున గాలి తగులలేదు, గాలి తగులనందున చెక్క పుచ్చిపోలేదు. అయితే అది తడిసిన రొట్టెవలె మెత్తబడి, వ్రేలితో ఒత్తినచో లొత్తపడునట్లుండెను; ఎండ తగిలినచో బీటలువారి పొడియైపోవును. ఇంతలో వానలు కురిసి సరస్సు మరల పొంగనారంభించెను. కాబట్టి చుట్టును కట్టవేసి, పడవమీద నీళ్లు చల్లుచు, రాత్రింబగళ్లు త్రవ్వి, రెండు వారములు గడువకముందే దానిని బయటికి తీసిరి. ఎట్లు తీసిరనుకొనుచున్నారు? నురుగువలె పొంగి గట్టిపడు ఒక ప్లాస్టిక్ పదార్థముతో లోపలను వెలుపలను కప్పి, మరల నీళ్లమీదనే తేల్చుకొని పోయిరి. ఇన్ని శతాబ్దముల తరువాత ఆ పడవ చేసిన కడపటి ప్రయాణమది. పిమ్మట దానిని ఏండ్లతరబడి మైనమువంటి మందు కలిపిన నీళ్లలో ఉంచి గట్టిపరచిరి. ఇప్పుడది గిన్నోసారులోనే, యిగాల్ అల్లోన్ పేరుగల ప్రదర్శనశాలలో ఇనుప కమ్ములమీద నిలిచియున్నది. పొడవు ఎనిమిది మీటర్లకు పైన, వెడల్పు రెండు మీటర్లకు పైన. నలుగురు తెడ్లువేసి, ఒకడు చుక్కాని పట్టుట కది సరిపోవును. మొత్తము మీద పదునైదుగురు వరకు ఎక్కవచ్చునని చెప్పుదురు.

కొయ్యను పరీక్షించిన విద్వాంసులు అది క్రీస్తు పూర్వము మొదటి శతాబ్దమునకును క్రీస్తు శకము మొదటి శతాబ్దమునకును చెందినదని తేల్చిరి. ఇంతవరకు శాస్త్రము. దీనిమీద లోకము "యేసు పడవ" అని పేరుపెట్టినది. ఆ పేరు శాస్త్రము పెట్టినది కాదు.

ఇక నా సంగతి. నేను చదువుకొను దినములలో మా ఉపాధ్యాయుడొకడు ఈ పడవ పటమును మాకు చూపించి, "ఇది ప్రభువు దినముల నాటి పడవ, ఆయన చూచిన పడవలలో ఒకటి కావచ్చును" అని చెప్పెను. ఆయన మాటను ఆచితూచి పలుకువాడు. నేను ఆ మాటను ఏండ్లతరబడి మోసికొని తిరిగితిని. మోయుచుండగా మోయుచుండగా "కావచ్చును" అను మాట ఎక్కడ జారిపడెనో నాకు తెలియదు.

కొన్ని సంవత్సరముల క్రిందట తాడేపల్లిగూడెమునుండి రైలులో ఏలూరు వచ్చి, అక్కడినుండి చెరువుగట్లవెంట ఒక లంక గ్రామమునకు ఆదివారపు ఆరాధన జరిపించుటకు పోయితిని. ఆ దినపు వాక్యభాగము మార్కు సువార్త నాలుగవ అధ్యాయములోని తుపాను. ప్రసంగమునకు ఊతముగా ఆ పడవ పటమును పెద్దదిగా అచ్చువేయించి తీసికొనిపోయితిని. దానిని ఎత్తి పట్టుకొని, "మన ప్రభువు తలగడమీద తల పెట్టి నిద్రించిన దోనె ఇదే" అని చెప్పితిని. మందిరమంతయు నిశ్శబ్దమాయెను. తరువాత స్త్రీలు ఒకరి వెనుక నొకరు వచ్చి ఆ పటమును కన్నుల కద్దుకొనిరి. అంతటి సంతోషమును నా ప్రసంగము ఏదియు అంతకుముందు కలుగజేయలేదు. పటము క్రింద "ప్రభువు ఎక్కిన దోనె" అని నా చేతితోనే వ్రాసి, ఎవరి యింట బుధవారపు ప్రార్థన జరుగుచుండెనో ఆ విధవరాలికి ఇచ్చితిని. ఆమె అద్దము కట్టించి గోడకు తగిలించుకొనెను.

ఆరాధనయైన తరువాత ఆ ముసలివాడు అరుగుమీద నాప్రక్కన కూర్చుండెను. అతడు పడుచుతనములో కొల్లేటిలో వలవేసినవాడు, తాటిదోనెలు తొలిచినవాడు.

"అయ్యగారూ, ఒక మాటడుగుతాను, కోపం పెట్టుకోరుగా?"

"అడగండి పెద్దాయనా."

"ఆయన అందులోనే పడుకున్నాడని ఎవరు చూసి చెప్పారండి?"

నేను నవ్వి, గొప్ప పండితులు పరీక్షించినారని చెప్పితిని. చదువరులారా, ఈ జవాబును గమనింపుడి. అందులో ఒక్క మాటయు అబద్ధము కాదు. పండితులు పరీక్షించినది నిజమే. అయినను నేను అతని ప్రశ్నకు జవాబు చెప్పక, మరియొక ప్రశ్నకు జవాబు చెప్పితిని. చదువులేనివాడు గనుక తేడా తెలియదనుకొంటిని.

అతడు పటమును మోకాళ్లమీద పెట్టుకొని చాలసేపు చూచెను. "ఇక్కడ అతుకుంది. ఇదిగో ఇక్కడా అతుకే. ముందు కొయ్య లేదు, వెనక కొయ్యా లేదు. పనికొచ్చేవి ఊడదీసుకున్నారండి. ఎవడో లేనోడు అతుకులేసుకుని అతుకులేసుకుని, ఇక కుదరక వదిలేసిన పడవ ఇది" అనెను.

నేను ఆశ్చర్యపడితిని. ఏలయనగా పండితులు వ్రాసినదియు సరిగా ఇదియే. ఆ పడవలో పది పన్నెండు జాతుల కొయ్యలున్నవి. దేవదారు పలకలు, సింధూరపు పక్కబద్దలు ముఖ్యమైనవి. వాటి నడుమ నిరవంజి, మన రేగుచెట్టు జాతిది, ఇంక ఏది దొరికితే అది. కొన్ని పలకలు అంతకుముందు వేరొక పడవలోనుండి తీసినవి. కట్టినవాడు నేర్పరియే గాని అతనికి మంచి కొయ్య దొరకలేదు. చాలకాలము వాడి, మరమ్మతులమీద మరమ్మతులు చేసి, చివరకు పనికివచ్చు భాగములు ఊడదీసికొని, మిగిలిన డొల్లను నీళ్లలోనికి త్రోసివేసిరి. ఇదంతయు నేను ఎప్పుడో చదివియుంటిని. చదివియుండియు ప్రసంగములో చెప్పలేదు. ప్రభువు దోనె అని చెప్పినప్పుడు అతుకులు ఎవరికి కావలెను?

అతడు ఇంకొక మాట కూడ చెప్పెను. అది వినుటకు నవ్వు పుట్టించును గాని నవ్వవలసినది కాదు. "చిన్నప్పటినుంచీ నాకో అనుమానమండి. దోనెలో పదముగ్గురు ఎలా పట్టారా అని. అడిగితే ఏమనుకుంటారో అని ఎవర్నీ అడగలేదు." మన తెలుగు వేదగ్రంథమును తర్జుమా చేసినవారు శిష్యుల పడవను దోనె అనిరి గదా. ఏలూరువానికో గుంటూరువానికో అది ఉత్త మాట. కొల్లేటివానికి అది కంటికి కనబడు వస్తువు. తాటిమాను మొదలు లావుగా ఉబ్బియుండు భాగమును నరికి, లోపలి మెత్తని బెండును తొలిచివేసి, పైనున్న గట్టి చేవను నిలిపి దోనె చేయుదురు. దానిలో ఒక్కడు, లేదా ఇద్దరు. గెడతో పొడుచుకొనుచు పోవలెను. రెండు దోనెలు జతకట్టినచో బరువు వేసికొనవచ్చును. ఈ మనుష్యుడు అరువది డెబ్బది యేండ్లు తుపాను కథ విన్నప్పుడెల్ల, తాటిదోనెలో పదముగ్గురిని కూర్చుండబెట్టుటకు తన మనస్సులో తంటాలు పడుచుండెను! పదునైదుగురు పట్టు పడవ అని నేను చెప్పగానే అతని ముఖము తేటపడెను. "అలా చెప్పండి మరి" అనెను. నేను దానిని అప్పుడు లెక్కచేయలేదు. ఉన్నది ఉన్నట్లు చెప్పిన ఆ ఒక్క చిన్న సంగతి, నేను కల్పించిన పెద్ద సంగతికంటె అతనికి ఎక్కువ మేలు చేసెనని తరువాత తెలిసికొంటిని.

కొన్ని నెలలకు మరల ఆ గ్రామమునకు పోయితిని. ముసలివాని మనుమడు ఏలూరులో ఇంటర్మీడియట్ చదువుచుండెను, ఆదివారము ఇంటికి వచ్చినప్పుడు మందిరములో పాటకు తప్పెట వాయించువాడు. ఆ దినము తప్పెట వాయించుటకు ఎవరును లేరు. ఎందుకు రాలేదని అడిగితిని. తాత కొంతసేపు నేలచూపు చూచి ఇట్లనెను: "మావాడు ఫోనులో ఆ పడవ సంగతి చదివాడండి. ఆయన ఎక్కిందని ఎక్కడా రుజువు లేదంట. అయ్యగారు ఇది కల్పించి చెప్పారు, మిగతావి కల్పించలేదని ఏంటి నమ్మకం అంటన్నాడు. నేనేం చెప్పేదండీ వాడికి?"

నేనును ఏమియు చెప్పలేకపోతిని.

ఇంటికి తిరిగి వచ్చుచు రైలులో నన్ను నేను సమర్థించుకొనుటకు చాల ప్రయత్నించితిని. ఆయన ఎక్కలేదని మాత్రము రుజువున్నదా? లేదు గదా! కాలము ఒకటే, సరస్సు ఒకటే, ఒడ్డును అదే ఒడ్డు. ఎక్కియుండరాదా? ఎక్కియుండవచ్చును. అయితే లెక్క వేసి చూడుడి. ఆ మొదటి శతాబ్దమువాడే అయిన జోసీఫస్ అను యూదుల చరిత్రకారుడు, తాను ఆ సరస్సుమీద ఒకప్పుడు రెండువందల ముప్పది పడవలను పోగుచేసితినని వ్రాసియున్నాడు. ఒక్క సమయమందే అన్ని యుండగా, మనుష్యులు పుట్టి గిట్టు మూడు నాలుగు తరములలో ఎన్ని పడవలు కట్టబడియుండును, ఎన్ని పాతబడి మునిగియుండును? వేలు కాకపోయినను వందలమీద వందలు. వాటిలో ఒక్కటి మనకు చిక్కినది. అది ఆయన ఎక్కినదే యనుట, ఏలూరు బజారులో దొరికిన పాత చెప్పును చూపి ఇది మా తాతదే యనుటవంటిది. కావచ్చును, తాత ఆ బజారులో నడచినవాడే.

"విశ్వాసము బలపడినది గదా" అను మాట మిగిలినది. ఇది తేలికగా త్రోసివేయదగినది కాదు. ఆ స్త్రీల కన్నీళ్లు దొంగ కన్నీళ్లు కావు. కాని వారు దేనిని ఆనుకొనిరి? ప్రభువును ఆనుకొంటిమనుకొని నా మాటను ఆనుకొనిరి. నా మాట ఒక పిల్లవాని చేతి ఫోనుతో విరిగిపోయెను. విరిగినది పడవ సంగతి ఒక్కటే అయినచో మేలే. ఆ పిల్లవాడు న్యాయముగానే మిగిలిన గుంజలన్నిటిని కదిలించి చూచుచున్నాడు. పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకవద్దను ఆజ్ఞను మనము ఎప్పుడును పొరుగువానికి కీడు చేయు సాక్ష్యమునకే వర్తింపజేయుదుము. దేవునికి మేలు చేయబోయి పలికిన అబద్ధసాక్ష్యమునకు ఎవడును మనలను సభలో నిలువబెట్టడు. యోబు స్నేహితులు దేవుని పక్షముగానే మాటలాడిరి. అయినను దేవుడే వారిమీద కోపపడెను. ఈ సంగతిని నేను ఇతరులకు ఎన్నిమారులు బోధించితినో!

ఇంతకంటె నన్ను బాధించిన సంగతి ఇంకొకటి కలదు. ఎవరి సొమ్మును పోదని మొదట అంటిని గదా. పోయినది. ఆ పడవ ఒకనిది. వాడు చలిలో రాత్రులు వలవేసినవాడు, చినిగిన పలకకు రేగుచెక్క అతికించినవాడు, కొత్త పడవ కొనలేక పాతదానిని సాగదీసికొనినవాడు. రెండు వేల యేండ్లకు బురదలోనుండి అతని కష్టము బయటపడినది. పేరు దొరకలేదు గాని కష్టము దొరికినది. నేను లేచి, "ఇది నీది కాదు, ప్రభువుది" అని దానిని అతని చేతిలోనుండి లాగుకొంటిని. ప్రభువునకు అది అవసరమా? ఆయన సీమోను దోనె ఎక్కినప్పుడు అది సీమోనుదని సువార్తికుడు వ్రాసెను, ప్రభువుదని వ్రాయలేదు. ఒడ్డునుండి కొంచెము తీయుమని ఆయన అడిగెను, ఆజ్ఞాపించి తీసికొనలేదు. తుపాను కథలో మార్కు ఒక చిన్న మాట వ్రాసియున్నాడు. ప్రసంగీకులు చాలమంది దానిని దాటిపోవుదురు, నేనును దాటిపోయితిని. ఆయన ఉన్న దోనె వెంట వేరే దోనెలును ఉండెనట. వాటిలో ఎవరుండిరి? తుపాను వాటిని ఏమి చేసెను? మార్కు చెప్పలేదు. చెప్పకపోయినను ఉండెనని వ్రాసెను. వాటిని కూడ ప్రభువు దోనెలుగా చేయలేదు, లేనట్లుగాను విడిచిపెట్టలేదు.

మనవైపున వేరే దోనెలు ఏమైనవి? ఒకప్పుడు కొల్లేటి లంకలకు దోనెయే త్రోవ. చేపలకు దోనె, పెండ్లికి దోనె, శవమునకు దోనె, ఆదివారము మందిరమునకును దోనె. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్లు వేసవిలో తగ్గి, వానలలో పెరిగి, ఉప్పుటేరుగుండ సముద్రమునకు పోవుచుండెను. దోనె ఆ నీళ్లతోకూడ తిరుగుచుండెను. 1970ల తరువాత చేపలచెరువులు తవ్వనారంభించిరి. మొదట జాలరుల సహకార సంఘముల పేరనే చెరువులిచ్చిరి. కాలక్రమమున వాటిలో ఎన్నో లీజులమీద డబ్బుగలవారి చేతులలోనికి పోయినవి. గట్టుమీద గట్టు లేచినది. గట్టు అడ్డము వచ్చినచోట దోనె ఆగిపోయినది. 1999లో ప్రభుత్వము 308 చదరపు కిలోమీటర్లను పక్షుల రక్షణకై అభయారణ్యముగా ప్రకటించెను. 2002లో రామ్‌సర్ ఒడంబడిక ప్రకారము లోకములోని ముఖ్యమైన చిత్తడినేలలలో కొల్లేటిని చేర్చిరి. 2006లో చెరువుగట్లను ప్రేలుడు మందుతో పగులగొట్టిరి. వీటన్నిటిలో ఎవరిది న్యాయమో తూచుటకు ఈ వ్యాసము చాలదు, నేనును చాలను. నేను చెప్పునది ఇంతే: చెరువులకు కాగితములున్నవి, పక్షులకు లెక్కలున్నవి. తాటిదోనె ఎప్పుడు పోయినదో ఎవడును వ్రాసిపెట్టలేదు. ముసలివాని నడిగితిని, అతని చివరి దోనె ఏమాయెనని. "చివికింది. కొన్నాళ్లు గేదెకి కుడితి పోశాం. తర్వాత పొయ్యిలోకి" అనెను.

తరువాతి నెల అక్కడికి పోయి, ప్రసంగమునకు ముందే నిలువబడి, పడవనుగూర్చి నేను చెప్పినది నాకు తెలిసిన సంగతి కాదనియు, తెలిసినట్లు చెప్పుట నా పాపమనియు ఒప్పుకొంటిని. తెలిసినదంతయు అతుకులతో సహా వివరించితిని. అందరును మెచ్చుకొనిరని తలంచవద్దు. సంఘపెద్దయొకడు బయట నన్ను ప్రక్కకు పిలిచి, "ఇప్పుడిదంతా దేనికండీ? ఊళ్లో వినేవాళ్లు నవ్వరా?" అని కోపపడెను. ఒక స్త్రీ ఏడ్చెను. పిల్లవాడు ఆ దినము రాలేదు. అతనికి చెప్పెదనని తాత చెప్పెను.

సాయంకాలము ఆ విధవరాలు పటమును గోడనుండి తీసి, అద్దము వెనుక మేకులు ఊడదీసికొని నాయొద్దకు తెచ్చెను. "తీసెయ్యమంటారా అయ్యగారూ?" అని అడిగెను. తీయనక్కరలేదని చెప్పి, నేను వ్రాసిన మాటను నేనే కొట్టివేసితిని. "మరి ఏం రాస్తారు?" అనెను. "గలిలయ సముద్రములో 1986లో దొరికిన దోనె. ఎవరిదో తెలియదు" అని వ్రాసితిని. ఆమె అక్షరమక్షరము కూడబలుకుకొని పైకి చదివెను.

అరుగుమీద కూర్చున్న ముసలివాడు అది విని, "ఎవరిదో తెలీదు, సరే. లేనోడిదని రాయండి. అది తెలుసుగా" అనెను.

నేను ఆలోచించి, "పేదవానిది కావచ్చును" అని చేర్చితిని.

అతడు ఆ మాటను ఆమెచేత రెండుమారులు చదివించుకొని, "కావచ్చునేంటండీ" అని గొణిగెను.